పలుకు మీద దించాలి: మా ఇంటి పాస్తా డైరీ

జూన్ 15, ఆదివారం

మా ఆవిడకు ఏప్రిల్‌లో ఖమ్మం బదిలీ అయింది. బ్యాంకు ఉద్యోగం కాబట్టి రెండో శనివారం, నాలుగో శనివారం ఇంటికొస్తుంది. మిగతా రోజులు హనుమకొండలో నేను, ఎనిమిదో తరగతి అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి. పొద్దున టిఫిను, మధ్యాహ్నం బాక్సులు ఎలాగో గట్టెక్కుతున్నాయి. చిక్కంతా సాయంత్రమే. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి నాలుగూ నలభై, నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అయిదు, అయిదున్నరకు వాళ్ల ట్యూషన్. ఆ అరగంటలోనే బట్టలు మార్చుకోవాలి, తినాలి, రిమోట్ కోసం కొట్టుకోవాలి.

బిస్కెట్లు పెట్టి పంపితే ఎనిమిదింటికి తిరిగొచ్చి అన్నం వద్దంటున్నారు. ఇద్దరూ మాట్లాడకుండా తినేది ఒక్క పాస్తానే. కానీ నీళ్లు మరగడానికే పదిహేను నిమిషాలు, ఉడకడానికి పదకొండు. అందుకే ఆదివారం ఒకేసారి ఉడకబెట్టి ఫ్రీజర్‌లో దాచి, వారమంతా పది నిమిషాల్లో ప్లేటులో పెట్టగలనా అని చూడాలనుకున్నాను. చేసింది చేసినట్టు ఇక్కడ రాసుకుంటాను. కెమిస్ట్రీ లెక్చరర్‌ని, ల్యాబ్ రికార్డు రాయించడమే తప్ప రాసి చాలా ఏళ్లయింది.

సాయంత్రం మా ఆవిడను వరంగల్ స్టేషన్‌లో రైలెక్కించి వచ్చి మొదలుపెట్టాను. పెన్నె (పొట్టి గొట్టాల్లా ఉండే పాస్తా) 500 గ్రాముల ప్యాకెట్. ప్యాకెట్ మీద రాసినట్టే పదకొండు నిమిషాలు ఉడికించి, నీళ్లు వార్చి, వేడిగా ఉండగానే స్టీలు డబ్బాలో వేసి మూతపెట్టి ఫ్రీజర్‌లోకి తోశాను.

జూన్ 17, మంగళవారం

ఇటుక. వేరే మాట లేదు.

ముందు మూతే రాలేదు. లోపలి ఆవిరి మూత అంచున మంచై అతుక్కుపోయింది. వేడినీళ్ల గిన్నెలో డబ్బాను నిలబెడితే అయిదు నిమిషాలకు ఊడింది. లోపల పెన్నె అంతా ఒకటే దిమ్మ, డబ్బా ఆకారంలో. గరిటె దిగలేదు. పప్పుగుత్తితో కొడితే పైన నాలుగు ముక్కలు లేచి స్టవ్ కిందకు ఎగిరాయి. దిమ్మను గాజు గిన్నెలోకి మార్చి మైక్రోవేవ్‌లో పెట్టాను. నీటిని వేడి చేసినంత సులువుగా మైక్రోవేవ్ మంచును వేడి చేయలేదు. పైన కరిగిన నీళ్లు వేడెక్కి అంచులను ఉడికించేస్తుంటే నడిమధ్య గడ్డ గడ్డలాగే ఉంది. ఈ సంగతి పిల్లలకు పాఠం చెప్పేవాణ్నే, గిన్నె ముందు నిలబడ్డప్పుడు గుర్తు రాలేదు.

అబ్బాయి చెంచాతో కెలికి, "నాన్నా, ఇది ఉప్మానా?" అన్నాడు. అయిదూ ఇరవై అయిదు. బిస్కెట్లే.

జూన్ 22, ఆదివారం

అమ్మ నర్సంపేట దగ్గరి మా ఊరి నుంచి వచ్చింది. నేను మళ్లీ పాస్తా పెట్టడం చూసి, "ఇదేంది బిడ్డా, సేమియాకు పెద్దనాయన లెక్కున్నది" అంది. మొన్నటి ఇటుక కథ చెప్పాను. నవ్వలేదు. "గిన్నెల్నె మూతపెట్టి ఉంచితె ముద్దగాకుంట ఏమైతది? పులిహోరకు అన్నం ఎట్ల ఆరబోస్తమో నువ్వు సూడలేదా?"

చూశాను. నలభై ఏళ్లుగా చూస్తున్నాను. పులిహోరకు అన్నం పలుకు మీద దించి, వెడల్పాటి పళ్లెంలో పోసి, నూనె చల్లి, మెతుకు విరగకుండా రెండు చేతులా ఎగదోసి, ఫ్యాను కింద ఆరబెడతాం. ఆ తర్వాతే చింతపండు పులుసు. పాస్తాకు కావాల్సింది సరిగ్గా ఇదే. మెతుకుల మధ్య జిగురెలా ఉంటుందో పాస్తా ముక్కల మధ్యా అలాగే. వేడి మీద ఆ గంజి జిగురుగా ఉండి, చల్లారితే అంటుకుని, గడ్డకడితే సిమెంటైపోతుంది. ఆవిరి పోనిచ్చి, పైన పల్చగా నూనె రాస్తే దేనికది విడిగా ఉంటుంది.

అమ్మ చేత్తోనే చేయించాను. పండక్కి మటన్ వండే పెద్ద గిన్నెలో అయిదు లీటర్ల నీళ్లు, 50 గ్రాముల ఉప్పు. వంద గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, పది గ్రాముల ఉప్పు అన్నది ఇటలీ ఇళ్లలో మామూలు లెక్క. ఈసారి తొమ్మిది నిమిషాలకే దించాం. వార్చి రెండు స్టీలు తాంబాళాల్లో పరిచాం, ఒక్కోదానికి ఒక చిన్న చెంచా నూనె. అమ్మ చెయ్యి పళ్లెం కిందికి పోయి ముక్కలను పైకి తిప్పుతుంటే ఒక్కటి కూడా చీలలేదు. నేను గరిటెతో తిప్పిన పళ్లెంలో డజను దాకా చీలాయి. ఇరవై నిమిషాల్లో చేతికి చల్లగా తగిలింది.

చల్లారాక పళ్లేలతో సహా ఫ్రీజర్‌లో పెట్టాలి. మాది డబుల్ డోర్ ఫ్రిజ్, పైన చిన్న ఫ్రీజరు. ఐస్ ట్రే తీసేస్తే తప్ప పళ్లెం పట్టలేదు, అబ్బాయి దగ్గర మాట పడ్డాను. గంటా పదిహేను నిమిషాలకు తీసి చూస్తే ముక్కలు రాయిలా గట్టిపడ్డాయి కానీ దేనికది విడిగానే ఉన్నాయి. పళ్లెం వంచితే జిప్ కవర్లోకి గులకరాళ్లలా గలగల రాలాయి. ఆ చప్పుడుకు అమ్మ కూడా వంటింటి గడపలోకి వచ్చి చూసింది.

తూకం వేస్తే మొత్తం 1,080 గ్రాములు. అమ్మాయికి 200 గ్రాముల కవర్లు మూడు, అబ్బాయికి 160 గ్రాములవి మూడు. గాలి నొక్కి తీసేసి, పుస్తకాల్లా పలచగా పరిచి పేర్చాను. ఫ్రిజ్ థర్మామీటరు ఒకటి కొని పెడితే −14 చూపించింది. ఫ్రీజరు −18 దగ్గర ఉండాలి. నాబ్ రెండు గీతలు తిప్పాను.

కడగాలా వద్దా అన్నది కూడా చూశాను. గుప్పెడు పాస్తాను చన్నీళ్లతో కడిగి విడిగా ఆరబెట్టాను. వెంటనే చల్లారింది నిజమే కానీ, టమాటా సాస్ వేస్తే జారిపోయి ప్లేటు అడుగున చేరింది. పైనున్న గంజి అంతా కడిగేస్తే సాస్‌కు పట్టు దొరకదు. ఇకమీదట కడగను. నూనె ఎక్కువైనా ఇదే తంటా.

జూన్ 24, మంగళవారం

అయిదూ మూడుకు కవరు తీశాను. గిన్నెలో నీళ్లు అప్పటికే మరుగుతున్నాయి (అమ్మాయి పెట్టి ఉంచింది). గడ్డకట్టిన పాస్తాను నేరుగా అందులో వేశాను. మరుగు ఆగింది, నలభై సెకన్లకు మళ్లీ లేచింది, ఇంకో ఇరవై సెకన్లు ఉంచి చిల్లుల గరిటెతో తీశాను. పక్క స్టవ్ మీద సాస్. అయిదూ పన్నెండుకు రెండు ప్లేట్లు. పెన్నె పంటికి తగిలింది. అబ్బాయి ఉప్మా మాట ఎత్తలేదు.

నిన్న రాత్రి మాత్రం ఒక తప్పు చేశాను. మర్నాటికని ఇంకో పావుకిలో ఉడకబెట్టి, పళ్లెంలో ఆరబెట్టి, ఫ్రీజర్‌లో పెట్టడం మరిచిపోయి పడుకున్నాను. తెల్లారి చూస్తే వాసన ఏమీ లేదు, బాగానే ఉంది. అయినా పారేశాను. అమ్మకు ప్రాణం ఉసూరుమంది. "సద్దన్నం తిని పెరగలేదా నువ్వు?"

చద్దన్నంలో మజ్జిగ పులుపు ఉంటుంది, ఇందులో అదేమీ లేదు. అన్నం, పాస్తా లాంటివాటిలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. మరిగే నీళ్లలో కూడా అవి చావవు. గది వేడిలో గంటల తరబడి ఉంచితే మొలకెత్తి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. బెల్జియంలో 2008లో ఇరవై ఏళ్ల విద్యార్థి ఒకడు అయిదు రోజులు బయటే ఉన్న స్పగెట్టీని వేడి చేసుకుని తిని చనిపోయిన సంగతి వైద్య పత్రికలో వచ్చింది. అది మరీ అరుదు, నిజమే. కానీ దించిన రెండు గంటల్లోపు ఫ్రీజర్‌లోకి వెళ్లాలన్న నియమం నేను తప్పను. ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను.

జూన్ 29, ఆదివారం

ఇవాళ అసలు పరీక్ష. తొమ్మిది నిమిషాలు సరైనదేనా, లేక అమ్మ చేతి మహిమా?

ఒకే గిన్నెలో పెన్నె వేసి ఏడు, ఎనిమిది, తొమ్మిది, పదకొండు నిమిషాల దగ్గర చిల్లుల గరిటెతో కొంత కొంత తీశాను. నాలుగు ప్లేట్లు, నాలుగు చీటీలు. ఒక్కోదాంట్లోంచి ఒక ముక్కను కత్తితో అడ్డంగా కోసి చూశాం. మా ఆవిడ ఈ వారం ఇంట్లోనే ఉంది, ఆ పని తనే చేసింది. ఏడు నిమిషాల ముక్క గోడ మధ్యలో సుద్దలాంటి తెల్లటి గీత స్పష్టంగా ఉంది. ఎనిమిదిలో సన్నని దారం. తొమ్మిదిలో కళ్లు చికిలించి చూస్తే అక్కడక్కడా చుక్క. పదకొండులో ఏమీ లేదు, గోడంతా ఒకటే పసుపు రంగు. ఆ తెల్లది ఇంకా నీరు తాగని పిండి. మనం మెతుకును వేళ్ల మధ్య నలిపి "పలుకుంది" అనేది దాన్నే. ఇటలీ వాళ్లు "అల్ దెంతె" అంటారు, పంటికి తగిలేలా అని.

సాయంత్రం దాకా గడ్డకట్టించి నాలుగింటినీ ఒకే తీరున నిమిషం సేపు మరిగించాం. పదకొండు నిమిషాలది నాలుక మీద పెట్టగానే పేస్టు. నీరు మంచయ్యేటప్పుడు సుమారు తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది. పూర్తిగా నీరు తాగి ఉబ్బిన పాస్తాలో ఆ మంచు స్ఫటికాలు గ్లూటెన్ వలను (పిండిని పట్టి ఉంచే గోధుమ మాంసకృత్తుల అల్లికను) లోపలి నుంచి చింపేస్తాయి. ఏడు నిమిషాలది పచ్చిపిండి రుచి. తొమ్మిది సరిపోయింది. ఎనిమిది కొంచెం బిరుసు, కానీ సాస్‌లో వేసి మూడు నిమిషాలు మగ్గనిస్తే నాలుగింటిలోకీ అదే బాగుంది. మరిగే నీళ్లలో ముంచి తీసేదైతే ప్యాకెట్ చెప్పినదానికి రెండు నిమిషాలు తక్కువ, సాస్‌లో మగ్గేదైతే మూడు తక్కువ.

అమ్మాయి కళ్లు మూసుకుని రుచి చూసింది, తనకూ ఇదే వరుస వచ్చింది. అబ్బాయి పదకొండు నిమిషాలదే బాగుందన్నాడు. వాడి ఓటు లెక్కలోకి తీసుకోలేదు.

జూలై 3, గురువారం

ఫ్రీజర్ ఎందుకు, కింద ఫ్రిజ్‌లోనే పెట్టొచ్చు కదా అని మా ఆవిడ అడిగింది. సోమవారం ఒక డబ్బా పెట్టి చూశాను. ఇవాళ తీస్తే బిరుసెక్కి రబ్బరుకూ అట్టకూ మధ్యన ఉంది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం తెల్లారికి గింజ గింజ గట్టిపడ్డట్టే. ఉడికినప్పుడు విచ్చుకున్న పిండి గొలుసులు మళ్లీ దగ్గరకు చేరి బిగుసుకుంటాయి. సున్నాకు కాస్త పైన, అంటే ఫ్రిజ్ చలిలోనే, ఆ పని వేగంగా జరుగుతుంది. ఫ్రీజర్ చలిలో దాదాపు ఆగిపోతుంది. వేడి చేస్తే కొంత మెత్తబడింది కానీ పిల్లలకు పెట్టలేదు. నేనే తిన్నాను, నిమ్మకాయ పిండుకుని.

జూలై 6, ఆదివారం, తొలి ఏకాదశి

అమ్మ ఊరి నుంచి పేలపిండి పంపింది. అదే ఈ వారం టిఫిను.

చవకని కిలో మాకరోనీ తెచ్చి చూశాను. ఫ్రీజర్‌లోంచి తీసి మరిగే నీళ్లలో వేస్తే సగం చీలిపోయి నీళ్లు తెల్లగా మారాయి. ఇప్పుడు ప్యాకెట్ వెనకాల చదివే కొంటున్నాను: డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉండాలి. ఆ గోధుమ గట్టిది, మాంసకృత్తులు ఎక్కువ, వల బలంగా ఉంటుంది. అప్పటికప్పుడు వండుకునేదైతే ఏదైనా పర్వాలేదు. మంచు దెబ్బ తట్టుకోవాలంటే మాత్రం ఆ నలభై యాభై రూపాయల దగ్గర చూసుకోకూడదు. మిగిలిన మాకరోనీ సూపుల్లోకి.

జూలై 13, ఆదివారం

స్పగెట్టీ. ఇన్ని రోజులూ భయపడి ముట్టుకోలేదు. పొడుగు దారాలు పళ్లెంలో పరిస్తే గడ్డకట్టి కొబ్బరి ఈనెల చీపురులా తయారవుతాయి, కవరులో పెట్టబోతే పుటుక్కున విరుగుతాయి. గుండ్రంగా గూళ్లలా చుట్టి గడ్డకట్టించాలని తెలుసు కానీ, అందుకు వాడే గుంటల బేకింగ్ ట్రే మా ఇంట్లో లేదు.

మా ఆవిడ ఏమీ అనకుండా లేచి ఇడ్లీ ప్లేట్లు తెచ్చి ముందు పెట్టింది.

ఫోర్కుకు నాలుగైదు దారాలు తగిలించి గిరగిరా తిప్పి గుంటలో దించితే చిన్న పిచ్చుక గూడు. గుంటకు 40 గ్రాముల దాకా పడుతోంది. అడుగున చిల్లులుంటాయి కాబట్టి మిగిలిన తడి కూడా దిగిపోతుంది. స్టాండు నడిమి కాడ తీసేసి ప్లేట్లను విడివిడిగా పెడితే ఫ్రీజర్‌లో పట్టాయి. గంటన్నర తర్వాత ప్లేటు వెనక్కి తిప్పి అడుగున తడిగుడ్డ అద్దితే గూళ్లు టపటపా ఊడిపడ్డాయి. మొత్తం పాతిక. అమ్మాయికి అయిదు, అబ్బాయికి నాలుగు. "పాస్తా ఇడ్లీలు" అని పేరు పెట్టారు. మరిగే నీళ్లలో నిమిషంలోపే విచ్చుకుంటున్నాయి, ముందే కెలకకూడదు, వాటంతట అవే విడిపోవాలి.

జూలై 18, శుక్రవారం

నిన్న సాయంత్రం గాలివానకు మా వీధి చివర చెట్టు తీగల మీద పడింది. నాలుగింటికి పోయిన కరెంటు రాత్రి పదకొండున్నరకు వచ్చింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లూ లైట్లే, ఫ్రిజ్ లేదు. తలుపు తీయకుండా ఉంటే నిండుగా ఉన్న ఫ్రీజరు రెండు రోజులు, సగం ఉన్నది ఒక రోజు చలి పట్టి ఉంచుతుందంటారు. అది తలుపు తీయని ఇళ్ల లెక్క. మా ఇంట్లో ఐస్‌క్రీమ్ కరిగిందేమో చూడ్డానికి ఒకాయన మూడుసార్లు తీశాడు.

రాత్రి టార్చ్ వేసి చూశాను. లోపలి కవర్లు రాళ్లే. తలుపు వైపున్న రెండు మెత్తబడి ముక్కలు అతుక్కుంటున్నాయి, లోపల మంచు మాత్రం ఇంకా కరకరలాడుతోంది. మంచు ఉన్నంతవరకూ మళ్లీ గడ్డకట్టించినా ప్రమాదం లేదు, రుచే తగ్గుతుంది. అయినా ఆ రెండూ అప్పుడే వండేశాను. రాత్రి పన్నెండింటికి ముగ్గురం నేల మీద కూర్చుని పాస్తా తిన్నాం. పొద్దున బడి ఉందన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

జూలై 27, ఆదివారం

సాస్‌ల లెక్క తేలింది. ఇందులో నా అంచనాలు సగం తప్పాయి.

టమాటా, ఉల్లి, వెల్లుల్లి వేసి నూనె తేలేదాకా మగ్గించిన సాస్ ఎన్ని రోజులున్నా చెక్కుచెదరలేదు. ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి ఘనాలు కవర్లో వేసుకుంటున్నాను, ప్లేటుకు ఆరు. (ఐస్ ట్రే అబ్బాయికి తిరిగిచ్చాను, వెల్లుల్లి వాసనతో. కొత్తది కొనాల్సి వచ్చింది.) మైదా వేసిన వైట్ సాస్ గడ్డకట్టి కరిగాక విరిగిన పాలలా నీళ్లు వదిలి, గరుకుగా అయింది. వేడి మీద కొంచెం పాలు పోసి గిలకొడితే కొంత కలిసింది, నాలుకకు మాత్రం తెలిసిపోతోంది. అది అప్పటికప్పుడు చేయాల్సిందే. బంగాళాదుంప ముక్కలు వేస్తే స్పాంజిలా పిప్పి. క్యాప్సికం మెత్తబడింది కానీ తినొచ్చు. చీజ్ తినే ముందు తురుముకోవాలి.

వీటన్నిటికన్నా మా ఇంట్లో గెలిచింది సాస్ కానిది. ఎల్లిగడ్డ కారం. మరిగే నీళ్లలోంచి తీసిన స్పగెట్టీని బాణలిలో వేడి నూనె, కరివేపాకు, దంచిన ఎల్లిగడ్డ కారంలో వేసి, ఉడికించిన నీళ్లు రెండు చెంచాలు పోసి ఒక్క తిప్పు తిప్పితే చాలు. ఇటలీలో వెల్లుల్లి, నూనె, ఎండుమిర్చితో చేసుకునే స్పగెట్టీకి ఇది దగ్గరి చుట్టమే, కారంలో మాత్రం పెద్దది. నాలుగు నిమిషాలు. అబ్బాయికి పెరుగు పక్కన పెట్టాలి.

ఆగస్టు 6, బుధవారం

ఫ్రీజర్ మూలన జూన్ 22 నాటి కవరు ఒకటి దొరికింది. నలభై అయిదు రోజులు. కవరు జిప్ ఒక మూల సరిగా పడలేదు, ఆ వైపు ముక్కల అంచులు తెల్లబారి, ఎండిన సుద్దలా ఉన్నాయి. మంచు కరగకుండానే ఆవిరై పోతే అలా అవుతుంది. లోపల కవరు గోడకు నూకల్లా మంచు పట్టింది. మా ఫ్రిజ్ మంచు పేరుకోకుండా అప్పుడప్పుడూ తనే కొంచెం వేడెక్కే రకం, ఆ హెచ్చుతగ్గుల వల్ల కూడా ఇది తొందరగా వస్తుంది. తింటే ప్రమాదం లేదు, నమలడానికే నారలా ఉంది. ఇక నెలకు మించి ఉంచను. తేదీ వేయడానికి మార్కరు ఫ్రిజ్ తలుపుకే దారంతో కట్టాను.

ఆగస్టు 10, ఆదివారం

నిన్న రాఖీ. మా ఆవిడ బండి ఆలస్యమై రాత్రి పదింటికి ఇంటికి చేరింది. అన్నం అయిపోయింది. అమ్మాయి నన్ను లేవనివ్వలేదు. అయిదు గూళ్లు తీసి, నీళ్లలో వేసి, ఎల్లిగడ్డ కారంలో తిప్పి తనే ప్లేటు తెచ్చిచ్చింది. వాళ్లమ్మ మొత్తం తిన్నాక, "బాగుంది. ఉప్పు తక్కువైంది" అంది.

నిజమే. రెండోసారి మరిగించే నీళ్లలో మేం ఉప్పు వేయడం లేదు, మొదటిసారి పట్టిన ఉప్పు అందులోకి దిగిపోతోంది. రెండు నెలలుగా సాస్ ఉప్పులో తెలియలేదు. ఇవాళ ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితం చివర అమ్మాయి రాసింది: "మళ్లీ మరిగించే నీళ్లకు లీటరుకు ఒక చెంచా ఉప్పు." దాని కింద: "పాస్తా ఇడ్లీలు 3 మాత్రమే ఉన్నాయి."

పెద్ద గిన్నెలో నీళ్లు పెట్టాను.